పేజీ అడుగున మిగిలిపోయిన సవరణ

సంపాదకులు గారికి,

నమస్కారం.

రాజ్యాంగ సవరణలు పౌరుల ప్రాథమిక హక్కులను ఏ విధంగా కాపాడుతున్నాయో వివరిస్తూ ఈ మధ్య మీ సంపాదకీయ పుటలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. అందులో 44వ సవరణను గొప్ప ఉదాహరణగా చూపించారు. ఎమర్జెన్సీ నాటి చీకటి మళ్లీ రాకుండా ఆ సవరణ అన్ని దారులూ మూసివేసిందని వ్యాసకర్త రాశారు. సవరణ గొప్పదన్న మాటతో నాకు పేచీ లేదు. అన్ని దారులూ మూసుకుపోయాయన్న మాటతోనే నా పేచీ అంతా. పార్లమెంటు ఉభయ సభలూ ఆమోదించి, రాష్ట్రపతి సంతకం కూడా పూర్తయిన ఆ సవరణ చట్టంలో ఒక సెక్షన్ ఈ రోజు వరకూ అమల్లోకి రాలేదు. విచారణ లేకుండా మనిషిని జైల్లో పెట్టే అధికారానికి కళ్లెం వేయవలసిన సెక్షన్ అదే. రెండు తెలుగు రాష్ట్రాల సరిహద్దు జిల్లాల కోర్టుల్లో ముప్పై ఏళ్లకు పైగా ప్రాక్టీసు చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి, ఆ ఒక్క సెక్షన్ లేని లోటు మామూలు కుటుంబాల మీద ఎలా పడుతుందో కళ్లారా చూశాను. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవైనా రాయక తప్పడం లేదు.

సవరణలు వాటంతట అవే హక్కులకు రక్షణ కావన్న సంగతి ముందు ఒప్పుకోవాలి. 1975 ఆగస్టులో నాలుగు రోజుల్లో జరిగిన ఒక వ్యవహారాన్ని గుర్తు చేసుకుంటే ఈ మాట తేటతెల్లమవుతుంది. ప్రధానమంత్రి ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని ఆ ఏడాది జూన్ 12న అలహాబాద్ హైకోర్టు తీర్పు చెప్పింది. జూన్ 25 రాత్రి అంతర్గత కల్లోలం పేరిట అత్యవసర పరిస్థితి వచ్చింది. ప్రధాని ఎన్నికపై అప్పీలు సుప్రీంకోర్టులో ఆగస్టు 11న విచారణకు రావలసి ఉంది. ఈలోగా ప్రధానమంత్రి ఎన్నికను న్యాయస్థానాల పరిధి నుంచే తప్పించే 39వ సవరణ బిల్లును ఆగస్టు 7న లోక్‌సభ, 8న రాజ్యసభ ఆమోదించాయి. 9వ తేదీ శనివారం నాడు రాష్ట్రాల శాసనసభలు ప్రత్యేకంగా కూర్చుని దానికి ఆమోదం తెలిపాయి. 10వ తేదీ ఆదివారమైనా రాష్ట్రపతి సంతకం ఆగలేదు. అంతకు తొమ్మిది రోజుల ముందే 38వ సవరణ వచ్చి, అత్యవసర పరిస్థితిని ప్రకటించడంలో రాష్ట్రపతి సంతృప్తిని ఏ కోర్టూ ప్రశ్నించరాదని శాసించింది. మరుసటి సంవత్సరం వచ్చిన 42వ సవరణకు 1976 డిసెంబరు 18న రాష్ట్రపతి ఆమోదం లభిస్తే, అందులో అధిక భాగం 1977 జనవరి 3 నాటికే అమల్లో ఉంది. హక్కులను కుదించే పని పడినప్పుడు మన రాజ్య యంత్రాంగానికి సెలవు రోజులు కూడా అడ్డు రావని ఈ తేదీలు చెబుతున్నాయి. పాఠకులు వీటిని గుర్తుంచుకోవాలని మనవి, ఎందుకంటే కాసేపట్లో ఇంకో రకం తేదీలు చెప్పబోతున్నాను.

ఆ రోజుల్లో మా ఊళ్లో ‘మీసా’ అన్న మాట పలకడానికి కూడా జనం అటూ ఇటూ చూసేవారు. 1971లో వచ్చిన ఆంతరంగిక భద్రతా నిర్వహణ చట్టానికి అది పొట్టి పేరు. ఆ చట్టం కింద పట్టుకుపోయిన వారి తరఫున వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్లను, అంటే నిర్బంధం చట్టబద్ధమేనా అని తేల్చమని కోరే పిటిషన్లను, పలు హైకోర్టులు విచారణకు స్వీకరిస్తే, కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అదే జబల్‌పూర్ అదనపు జిల్లా మేజిస్ట్రేట్ కేసు. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణనిచ్చే 21వ అధికరణ అమలు కోసం కోర్టుకు వెళ్లే హక్కును రాష్ట్రపతి ఉత్తర్వు నిలిపివేసింది కాబట్టి, నిర్బంధం అక్రమమైనా, కక్షతో చేసినదైనా కోర్టులు జోక్యం చేసుకోజాలవని ప్రభుత్వం వాదించింది. ప్రాణం మాట కూడా ఆ అధికరణలోనే ఉంది కదా, మరి ప్రాణం తీసినా ఇదే సమాధానమా అని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అడిగితే, అత్యవసర పరిస్థితి ఉన్నంతవరకూ అంతేనన్నది అటార్నీ జనరల్ జవాబు సారాంశం. 1976 ఏప్రిల్ 28న అయిదుగురిలో నలుగురు న్యాయమూర్తులు ఆ వాదనతో ఏకీభవించారు. ఖన్నా గారు ఒక్కరే విభేదించారు. మరుసటి జనవరిలో ఆయన కంటే జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిగా నియమించినందుకు ఆయన రాజీనామా చేసిన సంగతి పాత తరం పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

44వ సవరణ పుట్టింది ఈ తీర్పు మిగిల్చిన గాయం నుంచే. జనతా ప్రభుత్వంలో న్యాయశాఖ మంత్రి శాంతిభూషణ్ ప్రవేశపెట్టిన ఆ బిల్లు ఎన్నో మార్పుల తర్వాత 1978 డిసెంబరుకు పార్లమెంటు దాటి, 1979 ఏప్రిల్ 30న రాష్ట్రపతి ఆమోదం పొందింది. అప్పటి రాష్ట్రపతి మన అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి. ప్రాంతాభిమానం కోసం ఆయన పేరు ఎత్తడం లేదు. ఆ సంతకానికి ఈ రోజు వరకూ పూర్తి విలువ దక్కలేదని చెప్పబోతున్నాను కాబట్టి, ఎవరి సంతకమో తెలుసుకోవడం తెలుగు పాఠకులకు అవసరమే.

ఆ సవరణ చేసిన మేలు తక్కువేమీ కాదు. అత్యవసర పరిస్థితికి కారణంగా చూపగలిగిన ‘అంతర్గత కల్లోలం’ అన్న బండ మాటను తీసేసి ‘సాయుధ తిరుగుబాటు’ అని రాసింది. 1975లో ప్రధాని ఒక్కరే నిర్ణయించి రాత్రికి రాత్రి రాష్ట్రపతి సంతకం తీసుకుంటే మంత్రివర్గానికి తెల్లవారాక తెలిసింది. ఇకమీదట మంత్రివర్గ నిర్ణయం లిఖితపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి ప్రకటన చేయరాదని సవరణ నిర్దేశించింది. ప్రకటనకు నెలలోగా ఉభయ సభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదం తెలపాలి. ఆరేసి నెలలకు మళ్లీ ఆమోదం తీసుకోవాలి. లోక్‌సభలో పదో వంతు సభ్యులు నోటీసు ఇస్తే దాన్ని రద్దు చేసే విషయం చర్చించడానికి ప్రత్యేక సమావేశం జరపాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది 359వ అధికరణలో చేర్చిన నాలుగు మాటలు. ఏ అత్యవసర పరిస్థితిలోనైనా 20, 21 అధికరణల కింది హక్కుల కోసం కోర్టుకు వెళ్లే దారిని మూసే వీలు లేదు. నేరం జరిగిన నాటికి లేని చట్టంతో శిక్షించరాదు, ఒకే నేరానికి రెండుసార్లు శిక్షించరాదు, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని నిందితుణ్ణి బలవంతపెట్టరాదు, చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ హరించరాదు. జబల్‌పూర్ తీర్పును సుప్రీంకోర్టు తానే కొట్టివేసింది 2017 ఆగస్టులో, గోప్యత హక్కు కేసులో. పార్లమెంటు అంతకు 38 ఏళ్ల ముందే ఈ నాలుగు మాటలతో దాని కోరలు తీసేసింది. సవరణ హక్కును కాపాడిందని గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పగల సందర్భం ఇది.

అయితే సవరణ కట్టిన గోడను సవరణే కూల్చగలదన్నది కూడా మనవాళ్లు చూశారు. 1988లో 59వ సవరణ తెచ్చి, పంజాబ్ వరకూ అంతర్గత కల్లోలం పేరుతోనే అత్యవసర పరిస్థితి పెట్టవచ్చని, అప్పుడు 21వ అధికరణను కూడా నిలిపివేయవచ్చని రాశారు. అదృష్టవశాత్తూ దాన్ని వాడే అవసరం రాలేదు. తర్వాతి ప్రభుత్వం 63వ సవరణతో దాన్ని తొలగించింది. పదేళ్లు తిరగకుండానే పార్లమెంటు తన మాటను తానే మరిచిపోగలదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 44వ సవరణ చట్టంలో 3వ సెక్షన్ 22వ అధికరణను మార్చడానికి ఉద్దేశించినది. అరెస్టయిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని, న్యాయవాదిని పెట్టుకోనివ్వాలని చెప్పే అధికరణ అది. విచిత్రమేమిటంటే ఆ రెండు హక్కులూ ముందస్తు నిర్బంధ చట్టాల కింద, అంటే ఇకముందు నేరం చేస్తాడేమోనని విచారణ లేకుండానే జైల్లో పెట్టే చట్టాల కింద, పట్టుకున్నవారికి వర్తించవని చెప్పేది కూడా అదే అధికరణ. ప్రాథమిక హక్కుల అధ్యాయంలోనే ముందస్తు నిర్బంధానికి చోటిచ్చిన రాజ్యాంగం మనది. దేశ విభజన వేడి చల్లారని కాలంలో రాసుకున్నది కాబట్టి ఆనాటి పెద్దలను నేను తప్పుపట్టను. వారు పెట్టిన ఒకే ఒక అడ్డుకట్ట సలహా మండలి. మూడు నెలలకు మించి ఒకరిని నిర్బంధించాలంటే, అందుకు తగిన కారణం ఉందని ఆ మండలి నివేదిక ఇవ్వాలి. మండలి సభ్యులు హైకోర్టు న్యాయమూర్తులుగా ఉన్నవారో, గతంలో ఉన్నవారో, లేదా అలా నియమితులయ్యే అర్హత ఉన్నవారో అయితే చాలు. అర్హత అన్నది ఎంత వెడల్పయిన గుమ్మమో మా వృత్తిలోవారికి తెలుసు. హైకోర్టులో పదేళ్లు న్యాయవాదిగా పనిచేసిన ఎవరికైనా ఆ అర్హత ఉంటుంది. పైగా మండలిలో ఎవరు కూర్చోవాలో నిర్ణయించేది ప్రభుత్వం, అంటే నిర్బంధించిన పక్షమే.

3వ సెక్షన్ దీన్నే సరిచేయబోయింది. మూడు నెలలను రెండు నెలలకు తగ్గించింది. సంబంధిత హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసు మేరకే మండలిని ఏర్పాటు చేయాలంది. అధ్యక్షుడు ఆ హైకోర్టులో పదవిలో ఉన్న న్యాయమూర్తి అయి ఉండాలని, మిగతా సభ్యులు ఏదో ఒక హైకోర్టులో పనిచేస్తున్న లేదా పనిచేసి విరమించిన న్యాయమూర్తులై ఉండాలని చెప్పింది. కొన్ని తరగతుల కేసుల్లో అసలు మండలి ఊసే లేకుండా ఎక్కువ కాలం నిర్బంధించేలా చట్టం చేసుకోవడానికి పార్లమెంటుకు ఉన్న వెసులుబాటును తొలగించింది. నా దృష్టిలో వీటిలో రెండు నెలల గడువు చిన్న విషయం. మన రాష్ట్రాల చట్టం ప్రకారం మండలి ఎలాగూ ఏడు వారాల్లో నివేదిక ఇవ్వాలి. పెద్ద విషయం మండలిని ఎవరు నియమిస్తారన్నది. ఫిర్యాదుదారే తీర్పరిని ఎంచుకునే పద్ధతి గ్రామంలో పంచాయితీకి కూడా పనికిరాదు.

సవరణ చట్టం మొదటి సెక్షన్‌లో ఒక చిన్న ఏర్పాటు ఉంది. కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించిన తేదీ నుంచి ఈ చట్టం అమల్లోకి వస్తుంది, వేర్వేరు సెక్షన్లకు వేర్వేరు తేదీలు నిర్ణయించవచ్చు. 1979 జూన్ 20న చాలా సెక్షన్లు అమల్లోకి వచ్చాయి. మిగిలినవి ఆగస్టు, సెప్టెంబరుల్లో వచ్చాయి. 3వ సెక్షన్‌కు మాత్రం తేదీ ఈనాటికీ రాలేదు. ఇది నా కల్పన కాదు. ఎవరైనా రాజ్యాంగం అధికారిక ప్రతి తెరిచి 22వ అధికరణ ఉన్న పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న గమనిక చూడవచ్చు. 3వ సెక్షన్ అమల్లోకి వచ్చినప్పుడు ఈ అధికరణ ఫలానా విధంగా మారుతుందని అక్కడ ఉంటుంది. మారబోయే పాఠం పుస్తకం చివర అనుబంధంలో ఉంటుంది. ముద్రణ తర్వాత ముద్రణ వస్తూనే ఉంది, గమనిక మాత్రం కదలడం లేదు. ప్రధాని ఎన్నికను కాపాడే సవరణకు నాలుగు రోజులు చాలాయి. పౌరుడి స్వేచ్ఛను కాపాడే సెక్షన్‌కు నాలుగున్నర దశాబ్దాలు దాటినా చాలలేదు.

ఈ నేరంలో ఏ ఒక్క పార్టీకీ మినహాయింపు ఇవ్వలేం. సవరణ తెచ్చిన జనతా ప్రభుత్వం 1979 జూలైలో కూలిపోయింది, కాబట్టి తమకు సమయం చాలలేదని వారు చెప్పుకోవచ్చు. 1980లో తిరిగి వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం ఆ ఏడాదే జాతీయ భద్రతా చట్టం తెచ్చింది, ఈ సెక్షన్‌ను పక్కన పెట్టింది. తర్వాతివారి సంగతే నాకు అంతుపట్టదు. ఎమర్జెన్సీలో నిర్బంధం అనుభవించిన చంద్రశేఖర్, దేవెగౌడ, వాజ్‌పేయి ప్రధానమంత్రులయ్యారు. జూన్ 25 వచ్చిందంటే ఆనాటి జైలు రోజులను తలచుకుని మాట్లాడే పార్టీలు కేంద్రంలో ఏళ్ల తరబడి అధికారంలో ఉన్నాయి. ఆ రోజు సభలు పెడతారు, ప్రకటనలు ఇస్తారు, అయినా ఒక్క పేజీ నోటిఫికేషన్ ఇవ్వరు.

న్యాయస్థానం ఏం చేసిందన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. జాతీయ భద్రతా చట్టం కింద నిర్బంధంలోకి వెళ్లిన ధన్‌బాద్ నాయకుడు ఎ.కె. రాయ్ కేసులో ఇదే అంశం సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందుకు వచ్చింది. 1981 డిసెంబరు 28న వచ్చిన తీర్పులో ముగ్గురు న్యాయమూర్తులు, తేదీని నిర్ణయించే విచక్షణను పార్లమెంటు ప్రభుత్వానికే వదిలింది కాబట్టి అమలు చేయమని తాము ఆదేశించలేమన్నారు. అయితే రెండున్నరేళ్లు గడిచినా ఈ సెక్షన్‌ను అమలు చేయడానికి ప్రభుత్వానికి వచ్చిన ఇబ్బంది ఏమిటో తమకు అర్థం కావడం లేదని కూడా వారే వ్యాఖ్యానించారు. జస్టిస్ ఎ.సి. గుప్తా, జస్టిస్ తుల్జాపుర్కర్ మాత్రం తేదీ నిర్ణయించే అధికారమంటే పార్లమెంటు నిర్ణయాన్ని తొక్కిపెట్టే అధికారం కాదన్నారు. రెండున్నరేళ్లకే న్యాయమూర్తులు ఆశ్చర్యపోయారంటే, ఈ రోజు వారేమనేవారో ఊహించుకోవలసిందే. ముగ్గురు, ఇద్దరు అన్న ఆ లెక్కలో ఒక్కరు ఇటు వచ్చి ఉంటే ఈ ఉత్తరం రాసే పని నాకు ఉండేది కాదు.

ఇలా తేదీ కోసం వేచి చూసిన సవరణ ఇదొక్కటే అనుకోకండి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను ప్రాథమిక హక్కు చేసిన 86వ సవరణ 2002లో పూర్తయింది. 21ఎ అధికరణ అమల్లోకి వచ్చింది మాత్రం 2010 ఏప్రిల్ 1న. ఆ ఏడేళ్లకు పైగా కాలంలో బడి ఈడు దాటిపోయిన పిల్లలకు ఆ హక్కు పుస్తకంలో ఉండి చేతికి రాలేదు. అయినా ఆలస్యంగానైనా అక్కడ తేదీ వచ్చింది.

ఇక మన గడప దగ్గరకు వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో వచ్చిన 1వ నంబరు చట్టాన్ని జనం ‘పీడీ యాక్ట్’ అంటారు, ముందస్తు నిర్బంధానికి ఇంగ్లీషులో పొట్టి పేరు పీడీ. సారా వ్యాపారులు, బందిపోట్లు, మాదకద్రవ్యాల నేరస్తులు, గూండాలు, వ్యభిచార వ్యాపారులు, భూకబ్జాదారుల ప్రమాదకర కార్యకలాపాలను నిరోధించడం దాని ఉద్దేశం. రాష్ట్రం విడిపోయాక రెండుచోట్లా అది కొనసాగింది. తెలంగాణలో దాని పరిధిని పెంచుతూ నకిలీ విత్తనాలు, ఎరువులు, కల్తీ ఆహారం, నకిలీ పత్రాలు, సైబర్ నేరాలు, జూదం, అటవీ నేరాలు, ఆర్థిక నేరాలు వరుసగా చేర్చుకుంటూ పోయారు. చట్టం పూర్తి పేరు ఒక్క ఊపిరిలో చదవగల న్యాయవాదిని నేను ఇంతవరకూ చూడలేదు. ఈ చట్టం కింద ఒక మనిషిని విచారణ లేకుండా పన్నెండు నెలల దాకా జైల్లో ఉంచవచ్చు. మూడు వారాల్లో విషయాన్ని సలహా మండలికి నివేదించాలి. ఆ మండలి ముందు నిర్బంధితుడి తరఫున న్యాయవాది హాజరయ్యే హక్కు లేదు.

నా దగ్గరకు వచ్చిన ఒక కేసు చెబుతాను. ఏ రాష్ట్రం, ఏ జిల్లా అన్నది చెప్పను. ఒక కూరగాయల వ్యాపారి కొడుకు మీద మూడు దొంగతనం కేసులు ఉన్నాయి. మూడింటిలోనూ బెయిలు తెచ్చాం. జామీను పత్రాలు జైలుకు చేరిన రోజు సాయంత్రం కొడుకును తీసుకుపోదామని తల్లి గేటు దగ్గర నిలబడి ఉంటే, లోపల అతని చేతికి పీడీ ఉత్తర్వు ఇచ్చారు. దానితోపాటు ఇచ్చిన కాగితాల్లో సగం మసకబారి చదవడానికి వీలు లేకుండా ఉన్నాయి. బెయిలు మీద వదిలితే మళ్లీ నేరాలు చేస్తాడన్నదే ఉత్తర్వులోని ప్రధాన కారణం. అలాంటప్పుడు బెయిలు రద్దు చేయమని కోర్టును అడగవచ్చు కదా అని ఆ తల్లి నన్ను అడిగింది. చట్టం చదువుకోని మనిషి అడిగిన ఆ ప్రశ్నను అంతకంటే సూటిగా హైకోర్టులో నేనూ అడగలేకపోయాను. సలహా మండలి ముందు పది నిమిషాలు కూడా పట్టలేదని, తనను అడిగింది పేరు, ఊరు, కేసుల సంఖ్య మాత్రమేనని ఆ కుర్రవాడు తర్వాత చెప్పాడు. మండలి తగిన కారణం ఉందన్నది. నిర్బంధం ఏడాదికి ఖరారైంది. హెబియస్ కార్పస్ పిటిషన్ మీద హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసేసరికి ఎనిమిది నెలలు గడిచిపోయాయి. అప్పటికి ఆ మూడు కేసుల్లో ఒక్కదానిలోనూ సాక్షుల విచారణ మొదలు కాలేదు.

ఇది ఒక్క కుటుంబం గోడు అనుకుంటే పొరపాటు. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ పీడీ యాక్ట్ కేసు ఒకటి విచారిస్తూ సుప్రీంకోర్టు, గడచిన అయిదేళ్లలో ఈ చట్టం కింద వచ్చిన అయిదుకు పైగా నిర్బంధ ఉత్తర్వులను తాను రద్దు చేసిందని, ఒక్క ఏడాదిలో రాష్ట్ర హైకోర్టు కనీసం పది రద్దు చేసిందని లెక్క చెప్పి, యంత్రాంగం తీరును తప్పుపట్టింది. శాంతిభద్రతల సమస్యకూ, ప్రజా జీవన వ్యవస్థకు భంగం కలిగించే పరిస్థితికీ ఉన్న తేడా అధికారులు గ్రహించడం లేదన్నది కోర్టు పదేపదే చెప్పిన మాట. 2023 సెప్టెంబరులో మరో కేసులో ఇదొక హానికర ధోరణి అని మరింత కటువుగా చెప్పింది. 2024 మార్చిలో ఇంకో తెలంగాణ కేసు తీర్పులో సలహా మండలుల మీదనే దృష్టి పెట్టి, అవి ప్రభుత్వం పంపిన ప్రతి ఉత్తర్వు మీదా రబ్బరు ముద్ర వేసే సంస్థలుగా ఉండరాదని, నిర్బంధం చట్టబద్ధమేనా అన్నది అన్ని కోణాల నుంచీ పరిశీలించాలని స్పష్టం చేసింది. 1978లో పార్లమెంటు ఏ జబ్బుకు మందు రాసిందో, 2024లో సుప్రీంకోర్టు అదే జబ్బును మళ్లీ పేరుపెట్టి చెప్పింది. మందు సీసా మూత ఇంతవరకూ తీయలేదు.

పోలీసు శాఖలో పనిచేసిన నా మిత్రులు దీనికి అభ్యంతరం చెబుతారని తెలుసు. నకిలీ విత్తనాలు అమ్మినవాడు వారం తిరక్కుండా బెయిలు మీద బయటికి వచ్చి కొత్త పేరుతో దుకాణం తెరిస్తే పంట పోయిన రైతుకు ఏం చెప్పమంటావని వారు అడుగుతారు. ఆ ఆవేదన నిజమైనదే. అయితే అది దర్యాప్తు సకాలంలో పూర్తి చేసి, అభియోగపత్రం వేసి, శిక్ష పడేలా చూడవలసిన బాధ్యతను గుర్తుచేస్తుంది తప్ప, ఆ బాధ్యతను తప్పించుకునే అడ్డదారిని సమర్థించదు. అంతేకాదు, 3వ సెక్షన్ అమల్లోకి వస్తే ముందస్తు నిర్బంధం రద్దయిపోదు. నిజంగా నిర్బంధించదగిన మనిషి ఉంటే, ప్రధాన న్యాయమూర్తి సిఫారసు చేసిన మండలి కూడా అవునంటుంది. అధికారులకు భయం ఉండవలసిన అవసరమేమిటో నాకు తెలియదు.

ఇంకో అభ్యంతరం మాత్రం బలమైనదే. హైకోర్టుల్లో ఖాళీలు పేరుకుపోయి, లక్షల కేసులు పెండింగులో ఉంటే, పదవిలో ఉన్న న్యాయమూర్తిని సలహా మండలికి ఎలా కేటాయిస్తారు? ఈ ప్రశ్నకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఇప్పటికే చాలా మండళ్లలో విశ్రాంత న్యాయమూర్తులు ఉంటున్నారని, వారిలో నిష్పాక్షికంగా పనిచేసినవారు ఎందరో ఉన్నారని కూడా ఒప్పుకుంటాను. కానీ మండలి సరిగా పనిచేస్తే హైకోర్టు దాకా వచ్చే హెబియస్ కార్పస్ పిటిషన్లు తగ్గుతాయి. ఒక న్యాయమూర్తి సమయం అక్కడ వెచ్చిస్తే, ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం సమయం ఇక్కడ మిగులుతుంది. అదీ కాక, ఇబ్బంది నిజంగా అదే అయితే ప్రభుత్వం ఆ మాటే పార్లమెంటులో చెప్పి సెక్షన్‌ను మార్చుకోవచ్చు. అమలు చేయకుండా, రద్దు చేయకుండా, కారణం చెప్పకుండా ఇన్ని దశాబ్దాలు ఊరక ఉంచడం పార్లమెంటుకు జరిగిన అవమానం.

కేంద్రం కదిలేదాకా మనం చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. ముందస్తు నిర్బంధం ఉమ్మడి జాబితాలో, అంటే కేంద్రమూ రాష్ట్రాలూ చట్టం చేయగల జాబితాలో ఉన్న అంశం. 22వ అధికరణ చెప్పేది కనీస రక్షణ మాత్రమే. అంతకంటే ఎక్కువ రక్షణ ఇవ్వడానికి రాష్ట్రానికి ఏ అడ్డంకీ లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలు తమ తమ 1986 చట్టాల్లో సలహా మండలికి సంబంధించిన సెక్షన్‌ను సవరించి, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసు మేరకే మండలిని ఏర్పాటు చేయాలని రాసుకోవచ్చు. నిర్బంధితుడి తరఫున న్యాయవాది హాజరు కావచ్చని కూడా చేర్చవచ్చు. తెలంగాణలో నేరాల జాబితాను ఓపికగా పొడిగించినవారికి ఈ రెండు వాక్యాలు చేర్చడం కష్టం కాదు. ఇక రెండు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో కూర్చున్న మన 42 మంది సభ్యుల్లో ఎవరో ఒకరు, ఏ పార్టీవారైనా సరే, 44వ సవరణ చట్టం 3వ సెక్షన్‌ను ఏ తేదీ నుంచి అమలు చేస్తారని లిఖితపూర్వక ప్రశ్న వేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. జవాబు ఏది వచ్చినా దాన్ని మీరు మొదటి పేజీలో అచ్చువేయాలన్నది నా మరో మనవి. ఈ పనికి కొత్త సవరణ అక్కరలేదు, సభలో మూడింట రెండు వంతుల మెజారిటీ అక్కరలేదు, రాష్ట్రాల ఆమోదం అక్కరలేదు. గెజెట్‌లో తేదీ వేసిన ఒక్క నోటిఫికేషన్ చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత న్యాయవాది,
ఖమ్మం